మినిట్స్ పుస్తకంలో చేరని పేర్లు

(ఫెడరేషన్ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

మన శిక్షణా తరగతులలో వేతన సవరణకు, చట్టాలకు, సంఘ నిర్వహణకు ముందు కాలం కేటాయించి, చరిత్రకు చివరి పూటను వదలటం పరిపాటి. రైలు వేళ దగ్గరపడి ప్రతినిధులు సంచులు సర్దుకొంటున్న సమయంలో పాత సంగతులు చెప్పేవాడిని ఎవరు వింటారు? ఈసారి చరిత్రను మొదటి పూటకు తెచ్చారు. అందుకు నిర్వాహకులను అభినందిస్తున్నాను.

మే దినం పుట్టుక ఎక్కడ అని అడిగితే చికాగో, 1886 అని మన కార్యకర్తలలో చాలమంది వెంటనే చెప్పగలరు. అది తెలిసి ఉండవలసిన విషయమే. కాని మన దేశంలో తొలి మే దినం ఏ ఊరిలో, ఎవరి పూనికతో జరిగింది అని అడిగితే సభలో నిశ్శబ్దం ఆవరిస్తుంది. ట్రేడ్ యూనియన్ల చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది అంటే 1926 అని చెబుతారు. ఆ చట్టం ఎవరి ఓటమి నుండి పుట్టింది అంటే మరల నిశ్శబ్దమే.

ఈ నిశ్శబ్దం ప్రమాదకరమైనది. తన హక్కు ఎలా పుట్టిందో తెలియనివాడికి అది యజమాని దయగానో, సర్కారు వరంగానో కనబడుతుంది. వరమిచ్చినవాడు దానిని తిరిగి పుచ్చుకొంటే అడగటానికి నోరు రాదు. అదే హక్కును ఫలానా చోట, ఫలానా సంవత్సరంలో, ఫలానా మనుషులు ఇంత మూల్యం చెల్లించి తెచ్చారని తెలిసినవాడు దానిని అంత తేలికగా వదులుకోడు. ఈ పూట నేను చెప్పదలచినది ఇదే. ఇందుకు దూరదేశాల నుండి ఉదాహరణలు తీసుకోను. మద్రాసు నగరంలో 1918 నుండి సుమారు పదిహేనేళ్ళ కాలంలో జరిగిన సంగతులను ప్రధానంగా తీసుకొంటాను. నాటి మద్రాసు రాష్ట్రంలో మన ఆంధ్ర జిల్లాలు కూడ భాగమే. కనుక అది మనకు పొరుగు చరిత్ర కాదు, మన చరిత్రే.

బట్టల కొట్టులో మొదలైన సంఘం

మద్రాసులోని పెరంబూరు ప్రాంతంలో బకింగ్‌హామ్, కర్నాటిక్ అని రెండు పెద్ద నూలు, బట్టల మిల్లులు ఉండేవి. బిన్నీ కంపెనీ అనే ఆంగ్ల సంస్థ వాటిని నడిపేది. వేలాది మంది కార్మికులు తెల్లవారకముందే గేటు ముందు నిలబడి, పొద్దు గ్రుంకిన తరువాత ఇంటికి చేరేవారు. మధ్యాహ్నం అన్నం తినటానికి అరగంట వ్యవధి. వేలమంది ఒక్కసారిగా బయటకు వచ్చి, చేతులు కడుగుకొని, నాలుగు ముద్దలు తిని, గేటు మూసేలోపల లోపలికి పోవాలి. ఆలస్యమైతే జీతం కోత. దానికి తోడు పైఅధికారుల తిట్లు, దెబ్బలు.

ఈ కార్మికులలో కొందరు సాయంకాలాలలో శ్రీ వేంకటేశ గుణామృత వర్షిణీ సభ అనే భక్త సమాజానికి వచ్చేవారు. దానిని నడిపిన వారిలో జి. సెల్వపతి శెట్టి, జి. రామానుజులు నాయుడు ముఖ్యులు. సెల్వపతి శెట్టి బట్టల వర్తకుడు. హరికథలు, పురాణ కాలక్షేపం వినవచ్చిన కార్మికులు ఆయన కొట్టు దగ్గర కూర్చుని మిల్లులో పడుతున్న బాధలు చెప్పుకొనేవారు. ఆ ఇద్దరూ మార్క్సును చదివినవారు కారు. సోషలిజం అనే మాట వారి నోట వచ్చిందో లేదో కూడ చెప్పలేము. కాని విన్నది విని ఊరుకోలేదు. తమిళ పండితుడు, పత్రికా సంపాదకుడు తిరు వి. కల్యాణసుందరంను పిలిపించి సభలో మాట్లాడించారు. తరువాత అనిబిసెంట్ అనుచరుడైన బి.పి. వాడియాను కలుసుకొన్నారు. వాడియా బొంబాయి పార్సీ, దివ్యజ్ఞాన సమాజీకుడు. 1918 ఏప్రిల్ 27వ తేదీన మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. సభ్యత్వం, నెలసరి చందా, నియమావళితో క్రమబద్ధంగా నడిచిన తొలి భారతీయ కార్మిక సంఘంగా చరిత్రకారులు దానిని పేర్కొంటారు.

పుస్తకాలలో వాడియా పేరు తప్పక కనబడుతుంది. సెల్వపతి శెట్టి, రామానుజులు నాయుడుల పేర్లు అడుగున ఎక్కడో ఒక వాక్యంలో ఉంటాయి. ఆ కొట్టు అరుగు మీద కూర్చుని తన కష్టం చెప్పుకొన్న మొదటి కార్మికుడి పేరు ఎక్కడా లేదు. సంఘం నిజానికి ఆ కార్మికుడితో మొదలైంది. మీలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక టీ దుకాణంలోనో, గుడి మెట్ల మీదనో అటువంటి మాట వినే ఉంటారు. వినటం కూడ సంఘ నిర్మాణంలో ఒక పని అని పెరంబూరు మనకు నేర్పుతున్నది.

ఓటమి నుండి పుట్టిన చట్టం

సంఘం ఏర్పడిన రెండేళ్ళకే పెద్ద పరీక్ష వచ్చింది. 1920 అక్టోబరులో మిల్లులో లాకౌటు ప్రకటించారు. అదే నెల 31వ తేదీన బొంబాయిలో లాలా లజపతిరాయ్ అధ్యక్షతన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ జన్మించింది. ఒక వంక దేశవ్యాప్త సంస్థ పురుడుపోసుకొంటుండగా, మరో వంక మద్రాసు కార్మికులు ఆకలితో గేటు బయట నిలబడి ఉన్నారు. డిసెంబరులో పోలీసులు జరిపిన కాల్పులలో ఇద్దరు కార్మికులు మరణించారు.

అంతటితో కంపెనీ ఊరుకోలేదు. మద్రాసు హైకోర్టులో వాడియా మీద, సంఘ నాయకుల మీద దావా వేసింది. కార్మికులు తమతో చేసుకొన్న ఉద్యోగ ఒడంబడికను భంగపరచేటట్లు వీరు ప్రేరేపించారు, కనుక మాకు నష్టపరిహారం ఇప్పించాలి, వీరిని నిరోధించాలి అన్నది దావా సారాంశం. న్యాయస్థానం నిరోధపుటుత్తర్వు జారీచేసింది. కార్మికుడికి తోడు నిలబడటమే చట్టం దృష్టిలో తప్పయింది. చివరకు వాడియా కార్మికోద్యమం నుండి తప్పుకోవాలనే షరతు మీద కంపెనీ దావాను వదలుకొంది. సంఘం తన అధ్యక్షుడిని పోగొట్టుకొంది.

ఆ రోజున మద్రాసు కార్మికులు ఓడిపోయారనే చెప్పాలి. కాని ఆ ఓటమి దేశమంతటా ఒక ప్రశ్నను లేవదీసింది. సంఘం పెట్టుకోవటం చట్టసమ్మతమా, కాదా? వాషింగ్టన్‌లో 1919లో జరిగిన తొలి అంతర్జాతీయ కార్మిక మహాసభకు మన దేశ కార్మికుల ప్రతినిధిగా వెళ్ళిన ఎన్.ఎం. జోషి, 1921 మార్చిలో కేంద్ర శాసనసభలో సంఘాల రక్షణకు చట్టం చేయాలని తీర్మానం ప్రతిపాదించారు. అయిదేళ్ళ వాదోపవాదాల పిమ్మట 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. 1927 జూన్ 1 నుండి అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలోని 18వ సెక్షన్‌ను మీరంతా చదివి ఉంటారు. కార్మిక వివాదం సందర్భంగా ఉద్యోగ ఒడంబడికను భంగపరచేటట్లు ప్రేరేపించారన్న ఒక్క కారణం మీద రిజిష్టరైన సంఘం మీద గాని, దాని సభ్యుల మీద గాని సివిలు దావా చెల్లదని అందులో ఉన్నది. ఆ మాటలను బిన్నీ కంపెనీ దావాతో పక్కపక్కన పెట్టి చదవండి. పెరంబూరు గేటు బయట నిలబడిన వారి ఆకలి ఆ సెక్షన్‌లో అక్షరాలుగా మారింది. సెక్షన్ సంఖ్య కంఠస్థం చేసిన మనకు దాని వెనుక ఉన్న మనుషులు తెలియకపోతే ఆ చదువు సగం చదువే.

2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ 1926 చట్టాన్ని రద్దుపరచి తనలో కలుపుకొన్నది. సంఘాలకు ఇచ్చిన ఆ రక్షణ మాటల రూపంలో అందులో కూడ ఉన్నది. అయితే గతంలో ప్రజోపయోగ సేవలకే పరిమితమైన పదునాలుగు రోజుల సమ్మె నోటీసు నిబంధనను అన్ని పరిశ్రమలకు విస్తరింపజేశారు. సగం మంది, అంతకు మించి కార్మికులు కూడబలుక్కొని ఒకే రోజున సెలవు పెడితే దానిని కూడ సమ్మెగానే లెక్కిస్తారు. హక్కును కాగితం మీద ఉంచి, దానిని వాడుకొనే దారిని ఇరుకు చేయటం అంటే ఇదే. 1920 నాటి నిరోధపుటుత్తర్వు సంగతి తెలిసిన కార్యకర్త ఈ నిబంధనలను ఒక తీరుగా చదువుతాడు. తెలియనివాడు వేరొక తీరుగా చదువుతాడు. ఆ తేడా కోసమే మనకు చరిత్ర కావాలి.

పులియాంతోపు: మనం చెప్పుకోని అధ్యాయం

ఇంతవరకు చెప్పినది మనకు గౌరవం తెచ్చే కథ. ఇకపై చెప్పబోయేది అటువంటిది కాదు. దీనిని సంఘాల వార్షికోత్సవ సంచికలలో సాధారణంగా దాటవేస్తారు. దాటవేయకూడదని నా అభిప్రాయం.

1921 మే నెలలో అదే మిల్లులలో మరల సమ్మె మొదలైంది. జూన్ నాటికి రెండవ మిల్లుకూ వ్యాపించి అక్టోబరు వరకు సాగింది. మిల్లు కార్మికులలో సవర్ణ హిందువులు, ముస్లిములు, ఆది ద్రావిడులు ఉన్నారు. ఈసారి ఆది ద్రావిడులలో అత్యధికులు సమ్మెలో కొనసాగలేదు, పనిలోకి వెళ్ళారు. యాజమాన్యానికి కావలసినది ఈ చీలికే. సమ్మె చేస్తున్నవారి కోపం యాజమాన్యం మీద నుండి ఆది ద్రావిడుల గుడిసెల మీదకు మళ్ళింది. పులియాంతోపు ప్రాంతంలో గుడిసెలు తగులబడ్డాయి. ఇరు పక్షాల మధ్య కొట్లాటలు నెలల తరబడి జరిగాయి. ఆగస్టు 29వ తేదీన పోలీసులు జరిపిన కాల్పులలో పలువురు చనిపోయారు. అక్టోబరులో సమ్మె ఓడిపోయి ముగిసింది. తొలి సంఘంగా పేరు గడించిన మద్రాసు లేబర్ యూనియన్ అప్పటికి చితికిపోయింది.

ఆది ద్రావిడులు వర్గద్రోహులు అని కొందరు ఆనాడే తీర్పు చెప్పారు. అది తొందరపాటు తీర్పు. వారికి భూమి లేదు, ఊరి బంధుబలగం లేదు, అప్పిచ్చే వర్తకుడు లేడు. నెలల తరబడి సమ్మె చేస్తే ఇతరులకు తిరిగి పోవటానికి పల్లె అయినా ఉన్నది. వీరికి ఆ గుడిసె తప్ప మరొక చోటు లేదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. సమ్మె లేని రోజులలో తన బావి దగ్గరకు రానీయని మనిషి, సమ్మె వచ్చిన రోజున సోదరా అని పిలిస్తే ఆ పిలుపును ఎంతవరకు నమ్మాలి? ఐక్యత అనేది గేటు మీటింగు రోజున పుట్టేది కాదు. మిగిలిన మూడువందల అరవై రోజులలో దానిని నిర్మించాలి.

ఇదే ప్రశ్న ఏడేళ్ళ తరువాత బొంబాయిలో మరొక రూపంలో ఎదురైంది. 1928లో అక్కడ నూలు మిల్లుల మహా సమ్మె జరిగింది. బొంబాయి మిల్లులలో అస్పృశ్యులను నేతఖాతాలో పనిచేయనిచ్చేవారు కారు. నాడెలో దారాన్ని నోటితో పీల్చి ఎక్కించాలి, అస్పృశ్యుడు నోరు పెట్టినది మరొకరు తాకరు అన్నది కారణం. ఎక్కువ కూలి వచ్చే ఖాతా అది. ఈ వివక్షను తొలగించాలన్న కోరికను సమ్మె కోర్కెలలో చేర్చాలని డాక్టర్ అంబేద్కర్ పట్టుపట్టారు. చేర్చకపోతే తన వారిని సమ్మెలో చేరవద్దని చెబుతానన్నారు. నాయకులు కొంత తటపటాయించి చేర్చారు. ఇది మీ లోపల ఉన్న అన్యాయం, మేము చేసినది కాదు కదా అని యజమానులు ఎత్తిపొడిచారు. ఆ ఎత్తిపొడుపులో చురుకు ఉన్నది. ఎందుకంటే అందులో నిజం కూడ ఉన్నది.

అదే 1928లో కలకత్తాలో మరొక సంఘటన జరిగింది. నగరపాలక సంస్థ పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. సమాజంలో అట్టడుగున ఉన్నవారు తమ చీపుళ్ళు కింద పెట్టేసరికి ఆ మహానగరం ఉక్కిరిబిక్కిరైంది. దానికి నాయకత్వం వహించిన వారిలో ముజఫర్ అహ్మద్‌తో పాటు ప్రభావతీ దాస్‌గుప్త అనే విద్యాధికురాలు ఉన్నారు. మరుసటి సంవత్సరం, 1929లో జరిగిన జనపనార మిల్లుల సార్వత్రిక సమ్మెలో కూడ ఆమె అగ్రభాగాన నిలిచారు. విదేశాలలో ఉన్నత విద్య ముగించుకొని వచ్చిన స్త్రీ పాకీపనివారి బస్తీలోకి నడిచి వెళ్ళిన రోజులవి. ముజఫర్ అహ్మద్ పేరు మన పుస్తకాలలో ఉన్నది. ప్రభావతీ దాస్‌గుప్త పేరు మీలో ఎందరికి తెలుసు?

కొంతకాలానికి దళితోద్యమం, కార్మికోద్యమం ఒక్కటై కదలిన రోజు కూడ వచ్చింది. 1938 నవంబరు 7న బొంబాయిలో పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా ఒకరోజు సమ్మె జరిగింది. అంబేద్కర్ స్థాపించిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి దానిని నడిపారు. ఆ సమ్మె సంగతి తెలియకనే నేడు కొందరు ఈ రెండు ఉద్యమాలకు పుట్టుకతోనే పొసగదని వ్రాస్తుంటారు. పులియాంతోపును దాచటం ఎంత తప్పో, నవంబరు 7ను మరచిపోవటం అంత తప్పు. మొదటిది మనం ఎక్కడ పడిపోయామో చెబుతుంది. రెండవది లేచి నిలబడటం సాధ్యమేనని చెబుతుంది.

సముద్రపు ఒడ్డున తొలి మే దినం

తిరిగి మద్రాసుకు వద్దాము. పెరంబూరు ఓటమి తరువాత ఆ నగరంలో కార్మికుల పక్షాన నిలబడిన వారిలో ఎం. సింగారవేలు శెట్టియార్ ముఖ్యుడు. 1860 ఫిబ్రవరి 18న జాలరి కుటుంబంలో పుట్టి, బి.ఎ. చదివి, న్యాయవాది అయ్యారు. బౌద్ధం మీద అభిమానం, విజ్ఞాన శాస్త్రం మీద ఆసక్తి, ఇంటినిండా పుస్తకాలు. 1921లో సహాయ నిరాకరణోద్యమ సందర్భంలో న్యాయవాద వృత్తిని వదలివేశారు. అప్పటికి ఆయన వయస్సు అరవై దాటింది. ఇతరులు విశ్రాంతి కోరుకొనే వయస్సులో ఆయన కార్మికుల వాడలలో అడుగుపెట్టారు.

1922 డిసెంబరులో జరిగిన గయ కాంగ్రెసు మహాసభలో తాను కమ్యూనిస్టునని బహిరంగంగా చెప్పుకొన్నారు. ఆ పేరు పలకటమే నేరంగా భావించబడుతున్న రోజులవి. మరుసటి సంవత్సరం, 1923 మే 1న మద్రాసు సముద్రతీరంలో రెండు చోట్ల, హైకోర్టు ఎదుట ఒకటి, తిరువళ్ళిక్కేణి తీరాన మరొకటి, మే దినం సభలు జరిపించారు. మన దేశంలో జరిగిన తొలి మే దినంగా అది ప్రసిద్ధి చెందింది. లేబర్ కిసాన్ పార్టీ ఆఫ్ హిందూస్తాన్ ఏర్పాటును అక్కడే ప్రకటించారు. మే 1ని సెలవు దినంగా ప్రకటించాలన్న తీర్మానం అక్కడ వచ్చింది. ఆ రోజు ఎర్రగుడ్డ దొరకక ఆయన కుమార్తె చీరను చింపి జెండా చేశారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. చెప్పుకోవటానికి అందమైన కథ. కాని కార్యకర్తలైన మనం కథకు, తీర్మానానికి తేడా ఎరిగి ఉండాలి. కథను కథగా చెప్పుకొందాము. సభలు, పార్టీ, తీర్మానం మాత్రం రుజువు గల సంగతులు. కార్మికుడి పేరుతో పాటు కిసాను పేరును కూడ పార్టీ పేరులో చేర్చటం ఆనాటికి ఎంత ముందుచూపో ఆలోచించండి.

1924లో కాన్పూరు కుట్ర కేసులో ఆయనను కూడ ఇరికించారు. అనారోగ్యం వలన విచారణ నుండి బయటపడ్డారు. 1925 డిసెంబరులో కాన్పూరులో జరిగిన తొలి కమ్యూనిస్టు మహాసభకు అధ్యక్షత వహించినది ఆయనే. అస్పృశ్యత మూలం ఆర్థికమైనదని ఆ వేదిక మీద ఆయన వాదించారు. ఆ వాదం ఒక్కటే చాలదని బొంబాయి నేతఖాతా మూడేళ్ళకే చూపించింది. అయినా నాలుగేళ్ళ నాడు పులియాంతోపు మంటలు చూసిన నగరం నుండి వెళ్ళినవాడు ఆ ప్రశ్నను వేదిక మీద పెట్టకుండ ఉండలేకపోయాడన్నది గమనించదగిన విషయం.

1928 జులైలో దక్షిణ భారత రైల్వేలో సమ్మె జరిగింది. వర్క్‌షాపులను తిరుచిరాపల్లి దగ్గర పొన్మలైకి తరలించి, పనితనపు పరీక్షల పేరుతో వేలాది మందిని తొలగించాలన్న కంపెనీ పథకం దానికి కారణం. సమ్మె పట్టుమని పదిహేను రోజులు సాగలేదు. సింగారవేలుకు, ముకుందలాల్ సర్కార్‌కు పదేళ్ళ కఠిన శిక్షలు పడ్డాయి. అప్పటికి సింగారవేలుకు అరవై ఎనిమిదేళ్ళు. అప్పీలులో శిక్ష తగ్గి, 1930లో విడుదలయ్యారు. 1946 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

మద్రాసు మెరీనా తీరాన శ్రమవిజయం అనే కాంస్య శిల్పాన్ని మీలో కొందరు చూసి ఉంటారు. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చెక్కిన ఆ విగ్రహాన్ని 1959లో ప్రతిష్ఠించారు. నలుగురు మనుషులు ఒక పెద్ద బండను కదిలిస్తుంటారు. ఆ నలుగురికీ పేర్లు లేవు. శిల్పంలో అది సబబే. కాని చరిత్రలో కూడ వారిని పేరు లేనివారిగానే వదలివేయటం సబబు కాదు.

నావికుడు తెచ్చిన నిప్పు

ఇక చివరిగా ఒక నావికుడి సంగతి. ఆయన మన సరిహద్దుకు ఆవలి వాడు. అమీర్ హైదర్ ఖాన్ నేటి పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లాలో ఒక పేద కుటుంబంలో పుట్టాడు. పసితనంలోనే ఇల్లు వదలి బొంబాయి చేరి, ఓడలలో పనికి కుదిరాడు. సముద్రాలు దాటి అమెరికా చేరి, అక్కడ కార్ల ఫ్యాక్టరీలో కార్మికుడయ్యాడు. గదర్ పార్టీ సంబంధాలు ఏర్పడ్డాయి. మాస్కోలోని తూర్పు దేశాల శ్రామికుల విశ్వవిద్యాలయంలో చదివాడు. 1928లో బొంబాయికి తిరిగివచ్చి కార్మికులలో పనిచేశాడు. 1929 మార్చిలో మీరట్ కుట్ర కేసు అరెస్టులు జరిగినపుడు పోలీసులకు దొరకకుండ దేశం దాటాడు. తిరిగివచ్చి 1931లో మద్రాసులో, శంకర్ అనే పేరుతో, రహస్యంగా యువ కార్మికులను సమీకరించాడు. 1932లో పట్టుబడి జైలు పాలయ్యాడు.

మద్రాసులో ఆయన స్వేచ్ఛగా గడిపినది సుమారు ఒక సంవత్సరం. తమిళం, తెలుగు ఆయన మాతృభాషలు కావు. కాని ఆ కొద్దికాలంలో ఆయన ప్రభావంలోకి వచ్చిన యువకులలో ఒకరు నెల్లూరు జిల్లా అలగానిపాడుకు చెందిన పుచ్చలపల్లి సుందరయ్య. తనను కమ్యూనిస్టు ఉద్యమంలోకి తెచ్చినది అమీర్ హైదర్ ఖాన్ అని సుందరయ్య స్వయంగా చెప్పుకొన్నారు. సుందరయ్య తన ఊరిలో వ్యవసాయ కార్మికులను సంఘటితపరచటంతో మొదలైన పని ఆంధ్రదేశంలో ఎంత దూరం వెళ్ళిందో మీకు చెప్పనవసరం లేదు. ఆంధ్ర ఉద్యమపు వంశవృక్షాన్ని వెనుకకు చదువుతూ పోతే రావల్పిండి పల్లెలో పుట్టిన ఒక ముస్లిం నావికుడి దగ్గరకు చేరుతాము. మతాల పేరుతో, దేశాల పేరుతో కార్మికులను వేరు చేయజూచేవారికి ఇంతకు మించిన జవాబు ఏమున్నది?

దేశ విభజన తరువాత ఆయన పాకిస్తాన్‌లోనే ఉండిపోయి, అక్కడ కూడ జైళ్ళు చూశాడు. వార్ధక్యంలో తన స్వగ్రామంలో పిల్లలకు బడి కట్టించాడు. 1989లో మరణించాడు. ఇక్కడ మనం ఆయనను మరచిపోయాము. అక్కడ పాలకులు ఆయనను గుర్తుంచుకోదలచలేదు.

మనం చేయవలసిన పని

కామ్రేడ్స్, ఈ పేర్లన్నీ కంఠస్థం చేయమని నేను కోరటం లేదు. నాలుగు పనులు మాత్రం కోరుతున్నాను.

మొదటిది, మీ సంఘం కాగితాలను కాపాడండి. పాత మినిట్స్ పుస్తకాలు, చందా రశీదులు, కరపత్రాలు, కోర్కెల పత్రాలు, సస్పెన్షన్ ఉత్తర్వులు చెదపురుగులకు ఆహారం కానీయకండి. ఆఫీసు మారినపుడల్లా పాత కట్టలను చిత్తుకాగితాల కొట్టుకు పంపే అలవాటు మానండి. బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు 1996లో మూతబడ్డాయి. మిల్లు పోయిన తరువాత మిగిలేది కాగితం, మనిషి జ్ఞాపకం, ఈ రెండే.

రెండవది, రిటైరైన కార్మికుల దగ్గరకు వెళ్ళి వారు చెప్పేది వ్రాసుకోండి. తేదీలు సరిచూసుకోండి. కథను కథగా, ఆధారం ఉన్నదానిని ఆధారంతో వ్రాయండి. అతిశయోక్తి మనకు అవసరం లేదు. జరిగినది చాలినంత గొప్పది.

మూడవది, వ్రాసేటప్పుడు ఎవరి పేర్లు రావటం లేదో చూసుకోండి. సమ్మె కాలంలో గంజి కాచి పోసిన స్త్రీల పేర్లు, కాంట్రాక్టు కార్మికుల పేర్లు, దళిత కార్మికుల పేర్లు మన నివేదికలలో ఎన్నిసార్లు వచ్చాయి? వేదిక మీద కూర్చున్నవారి పేర్లు ఎలాగూ వస్తాయి. బల్లలు మోసి, వేదిక కట్టినవారి పేర్లు వ్రాస్తేనే అది కార్మికుల చరిత్ర అవుతుంది.

నాలుగవది, ఓడిపోయిన సమ్మెలను దాచకండి. గెలుపుల జాబితా ఒక్కటే చదువుకొన్న కార్యకర్త తొలి దెబ్బకే బెదిరిపోతాడు. 1921లో ఎందుకు చీలిపోయాము, 1928లో పొన్మలై సమ్మె ఎందుకు నిలబడలేదు అని చర్చించిన కార్యకర్తకు రేపటి లాకౌటు కొత్తగా ఉండదు. రేపు మీ గేటు ముందు పర్మినెంటు కార్మికుడొక వైపు, కాంట్రాక్టు కార్మికుడొక వైపు నిలబడినపుడు పులియాంతోపు మీకు గుర్తురావాలి. కాంట్రాక్టు కార్మికుడిని ద్రోహి అని తిట్టబోయే ముందు, అతనికి మన సంఘంలో సభ్యత్వం ఇచ్చామా, మన కోర్కెల పత్రంలో అతని కోరిక ఒకటైనా ఉన్నదా అని మనలను మనం ప్రశ్నించుకోవాలి.

మీరు మీ మీ కేంద్రాలకు వెళ్ళిన తరువాత తదుపరి కార్యవర్గ సమావేశపు అజెండాలో ఒక అంశంగా దీనిని చేర్చండి. మన సంఘాన్ని మొదట ఎవరు, ఎక్కడ కూర్చుని తలపెట్టారు అన్న ఒక్క ప్రశ్నకు జవాబు వ్రాసి బులెటిన్‌కు పంపండి. ఒక పేజీ చాలు. వచ్చిన ప్రతి పేజీ కార్మికవర్గ చరిత్రలో ఒక ఖాళీని పూరిస్తుంది.

కార్మికవర్గ ఐక్యత వర్ధిల్లాలి!